కుడికంటి పిట్ట

వయసు మళ్ళిన పెద్దమనిషి ఒకడు పెయింట్ల షాపు వెనక సందులో, ఖాళీ డబ్బాల గుట్ట పక్కన నిలబడి, పొద్దున్నే అదేపనిగా కన్ను కొడుతున్నాడంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కంచె అవతల నీళ్ళ ప్లాంటు కాపలాదారు కూడా అదే అనుకున్నాడు. తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకున్నాడు. ఫిల్టరు తొట్లు, పంపుహౌసు గోడ, గోడ మీంచి పోయే తీగ, తీగ మీద ఓ చిన్న పిట్ట తప్ప అక్కడ ఎవరూ లేరు.

పెద్దమనిషి కన్ను కొడుతున్నది ఆ పిట్టకే. మూడుకాళ్ళ స్టాండు మీద దుర్భిణి పెట్టుకున్నాడు. ముందు ఎడమకన్ను మూసి కుడికంటితో చూస్తాడు. తర్వాత కుడికన్ను మూసి ఎడమకంటితో చూస్తాడు. కుడికంటితో చూస్తే పిట్ట వీపు పొగలాంటి నీలంగా ఉంది. ఎడమకంటితో చూస్తే రోడ్డు మీది దుమ్ములా ఉంది. పిట్ట మాత్రం చోటు కదలకుండా తోక ఆడిస్తూ కూచుంది. దానికేం, ఎవరి కళ్ళు ఎలా ఉంటే దానికెందుకు?

ఈయన్ని ఊళ్ళో అందరూ రంగులాయన అంటారు. ఆ షాపులో రంగులు కలిపే పని ఆయనది. ఎవరైనా పాత గోడ పెచ్చు ఒకటి ఊడబెరికి తెచ్చి, "అచ్చం ఇదే కావాలండీ" అంటే, ఆయన ఆ పెచ్చుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసి, తెల్లరంగు డబ్బాలో ఈ చుక్కా ఆ చుక్కా వేసి, కర్రతో కలిపి, వేలితో తాకి చూసి మూత పెట్టేసేవాడు. ఆరాక చూస్తే ఎక్కడ పాతో ఎక్కడ కొత్తో గోడకే తెలిసేది కాదు. అలా జీవితమంతా గడిపాడు. షాపు యజమాని ఈమధ్య రంగు చూసి లెక్క చెప్పే మిషను ఒకటి కొన్నాడు. రంగులాయన దానివైపు కన్నెత్తి కూడా చూడడు. యజమాని కోడలు ఆ మిషను దగ్గర కూచుంటుంది కాబట్టి ఆ అమ్మాయిని మాత్రం పలకరిస్తాడు.

కళ్ళకి శుక్లాలు వచ్చాయని డాక్టరు చెప్పి, ముందు కుడికంటికి ఆపరేషను చేసి కంటి లోపల కొత్త అద్దం పెట్టాడు. ఎడమదానికి తేదీ ఇచ్చాడు. అసలు గొడవంతా అక్కడ మొదలైంది. కట్టు విప్పి ఇంటికొచ్చి చూసుకుంటే, తన చేత్తో తెల్లరంగు కలిపి తన చేత్తో వేసుకున్న ముందుగది గోడ లేతనీలంగా కనిపించింది. వెంటనే ఎడమకంటితో చూసుకున్నాడు. పాలలా తెల్లగా ఉంది. హమ్మయ్య అనుకుని, తప్పు అద్దానిదని తేల్చేసుకున్నాడు. డాక్టరుని అడిగితే, "కొన్నాళ్ళకి అలవాటైపోతుంది లెండి" అన్నాడు. అలవాటయ్యేది అద్దమా, మనిషా అన్నది ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు.

ఇప్పుడు ఈ పిట్ట వచ్చి ఆ గొడవని మళ్ళీ లేపింది.

రంగులాయనకి పని తర్వాత ఉన్న పిచ్చి పిట్టలే. ఊళ్ళో పిట్టల్ని చూసేవాళ్ళ క్లబ్బొకటి ఉంది. అందులో ఎవరికైనా అరుదైన పిట్ట కనిపిస్తే వివరాలన్నీ రాసి కమిటీకి పంపాలి. కమిటీకి పెద్ద టైపు మేడం. ఒకప్పుడు టైపు నేర్పే ఇన్‌స్టిట్యూటు నడిపిన మనిషి. కీల వైపు చూస్తూ టైపు కొట్టేవాళ్ళ వేళ్ళ మీద స్కేలుతో ఒక్కటిచ్చేదట. అదే పద్ధతి పిట్టల్లోకీ తెచ్చింది. చూసింది చూసినట్టు ముందు కాగితం మీద పెట్టాలి, పుస్తకం ఆ తర్వాతే తెరవాలి. పుస్తకం చూసి రాస్తే పుస్తకంలోది రాస్తారుగానీ తీగ మీదిది రాయరని ఆవిడ వాదన. రెండో సాక్షి ఉండాలి. ఆ సాక్షికి ముందుగా ఒక్క ముక్క కూడా చెప్పకూడదు.

రంగులాయన డబ్బా బోర్లించుకుని దాని మీద కూచుని రాయడం మొదలుపెట్టాడు. సైజు రాశాడు. ముక్కు రాశాడు. తోక ఆడించే తీరు రాశాడు. వీపు రంగు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. షేడు కార్డులో ఉన్న రంగులన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి, అరచేతిలో పట్టేంత పిట్ట వీపు ఏ రంగో రాయలేక పెన్ను నోట్లో పెట్టుకున్నాడు.

ఎందుకంటే మిగతావన్నీ కవలల్లాంటి రెండు పిట్టలకీ ఒకటే. ఒకటి బూడిద ఈగపిట్ట. ఏటా చలికాలం వస్తుంది, ఏ కంచె మీద చూసినా ఉంటుంది, దానికి ఫారం రాస్తే క్లబ్బులో నవ్వుతారు. రెండోది పొగనీలి ఈగపిట్ట. ఎక్కడో చలికొండల అడవుల్లో ఉండేది. ఈ వైపు ఎన్నడూ, ఎవరికీ కనబడలేదు. ఇదే గనక అదయితే రంగులాయన పేరు క్లబ్బు చరిత్రలో నిలిచిపోతుంది. కూతలో కొంచెం తేడా ఉంటుందంటారు. పంపుహౌసు మోత ముందు పిట్ట కూత ఎవరికి వినబడుతుంది?

అద్దం నిజం చెబుతున్నట్టయితే పిట్ట నీలం. అప్పుడు అదృష్టం తలుపు తట్టినట్టే. కానీ అద్దం నిజమైతే ముందుగది గోడా నీలమే. ఇన్నాళ్ళూ తాను తెలుపు అని జనానికిచ్చిన డబ్బాలన్నీ... ఆ ఆలోచన అక్కడితో తెంపేసి ఫోను తీశాడు. ఫోనుకి రాగద్వేషాలు ఉండవు కదా. దుర్భిణికి ఆనించి ఓ ఫోటో తీశాడు. నీలంగా వచ్చింది. ఎండ మబ్బు చాటునుంచి బయటపడ్డాక ఇంకోటి తీశాడు. బూడిదగా వచ్చింది. ఫోనుకీ ఒక కన్ను ఆపరేషనయిందేమో అనిపించింది ఆయనకి.

రెండూ టైపు మేడంకి పంపాడు. ఆవిడ మోకాలి ఆపరేషనై మంచం మీదుంది. వెంటనే ఫోను చేసింది.

"రంగులుగారూ, ఇది ఒక పిట్టా, రెండు పిట్టలా?"

"ఒకటేనండీ. ఫోను దాని ఇష్టమొచ్చినట్టు రంగు మార్చేస్తోంది."

"మరి మీ కంటికి ఏ రంగు కనిపించింది?"

"ఏ కంటికండీ?"

మేడం ఇలాంటి ప్రశ్న ఇంతకుముందు ఎదుర్కొన్నట్టు లేదు.

"క్లబ్బులో ఇంకొకళ్ళని పిలిచి చూపిస్తే?" అన్నాడు రంగులాయన.

"వద్దు బాబోయ్! కిందటిసారి అందరూ పనులు మానుకుని పరిగెత్తితే అది పంజరంలోంచి తప్పించుకున్న చిలక అయింది. ఇప్పుడు నేను పిలిచినా ఎవరూ కదలరు. ముందు మీ ఇంట్లోవాళ్ళకి చూపించండి. పిట్టల గురించి ఏమీ తెలియనివాళ్ళయితే మరీ మంచిది. కానీ మీరేం చూశారో, మీకేం కావాలో ఒక్క మాట కూడా అనకూడదు. నా మీద ఒట్టు."

ఇంట్లోవాళ్ళంటే ఇంకెవరు, భార్యే. ఆవిడ దర్జీ పని చేస్తుంది. బడి పిల్లల చొక్కాల నుంచి నర్సుల కోట్ల దాకా కుట్టి పెడుతుంది. రంగుల విషయంలో ఆవిడ కూడా తక్కువ తినలేదు. ఏ గుడ్డకి ఏ దారం కలుస్తుందో రీళ్ళ డబ్బాలో చెయ్యిపెట్టి తీసేస్తుంది. రంగు పేరడిగితే మాత్రం చెప్పలేదు. ఆవిడకి 'ఆ డాక్టరమ్మ కోటు రంగు', 'మన పాత బకెట్టు రంగు' అన్నవే పేర్లు.

మర్నాడు పొద్దున కుట్టుమిషను మీద గుడ్డ అలాగే వదిలేసి ఆవిడ సందులోకి వచ్చింది.

"చొక్కాలు ఇవాళే ఇవ్వాలండీ. పిట్టని చూడ్డానికి నేనెందుకు?"

"చూడు. వీపు ఏ రంగో చెప్పు. అంతే."

"మీకే రంగులో కనబడిందీ?"

"నేను చెప్పకూడదు."

"ఇదేం చోద్యం! రంగులు చెప్పే మనిషి మీరు. రంగు నన్నడిగి మీరు నోరు మూసుకుంటారా?"

"రూలు."

ఆవిడ విచిత్రంగా చూసింది. ఈమధ్య ఆయన వాలకం ఆవిడకి అంతుపట్టడం లేదు. గోడ ముందు నిలబడి కన్ను మూస్తాడు, తెరుస్తాడు. అన్నం తింటూ తింటూ పళ్ళెం వైపు చూసి కన్ను మూస్తాడు. అడిగితే ఏం లేదంటాడు. సరేనని దుర్భిణిలోకి వంగింది. చాలాసేపు చూసింది.

"ఎంత బుద్ధిగా కూచుందో, బంగారుతల్లి."

"రంగు."

"పేర్లు నా నోటికి రావు. దారం చూపిస్తాను." చేతిసంచీలోంచి రీళ్ళ డబ్బా తీసి మూత తెరిచింది. ఆవిడ చెయ్యి ఒక రీలు మీదికి సూటిగా వెళ్ళింది. రీలు సగం పైకి తీసి, అక్కడ ఆగి, తలెత్తి మొగుడి మొహం వైపు చూసింది.

రంగులాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. మేడం పెట్టిన ఒట్టు గుర్తుంది. పెదాలు బిగించి, ఖాళీ డబ్బాల వైపు చూస్తూ, ఫలితాల కోసం బోర్డు ముందు నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు. ఆవిడ ఆ మొహాన్ని చదివింది. ఆవిడకి చదవడం వచ్చిన పుస్తకం అదొక్కటే. చేతిలోని రీలు మళ్ళీ డబ్బాలోకి జారిపోయింది. చెయ్యి ఇంకోవైపు వెళ్ళి ఇంకో రీలు తీసింది.

"ఇదిగో, ఈ రంగు."

బూడిద. ఉట్టి బూడిద.

రంగులాయన రీలు లాక్కుని దుర్భిణి దగ్గరికి ఉరికాడు. ఆ అదురుకి స్టాండు కదిలింది, పిట్ట ఎగిరి పంపుహౌసు అవతలికి పోయింది. పక్కపక్కన పెట్టి చూసే అవకాశం పోయింది. రీలునే ఎడమకంటితో చూశాడు, బూడిద. కుడికంటితో చూశాడు, బూడిదే. ఇక్కడ ఆయన బుర్ర కాస్త తిరిగింది. అద్దం అన్నిటికీ నీలం పూసేదయితే దీనికెందుకు పూయలేదు? దూరంగా ఉన్నవాటికే పూస్తుందా? దుర్భిణిలో అద్దం, కంట్లో అద్దం కలిసి ఏదో గారడీ చేశాయా? ఎటు తిప్పినా లెక్క కుదరలేదు. కుదరని లెక్కని మనిషి తనకి అనువైన వైపు కుదుర్చుకుంటాడు. రంగులాయనా అదే చేశాడు. భార్య చూసింది, బూడిదంది. ఎడమకన్ను ముందునుంచీ బూడిదంటూనే ఉంది. ఇద్దరు చెప్పాక కుడికన్ను మాట ఎవరు వింటారు?

పొగనీలి పిట్ట పోయింది. దిగులు వేసింది, నిజమే. కానీ దాని వెనకే గుండెల మీంచి బండ దిగినట్టూ అయింది. గోడ తెల్లగానే ఉంది. తన డబ్బాలన్నీ సరైనవే. అద్దమే అబద్ధం.

సాక్షి బూడిదని చెప్పిందని రాసి, సంతకం పెట్టించి, ఫారం మేడంకి పంపేశాడు. ఆ సాయంత్రం కంటాసుపత్రికి ఫోను చేసి, ఎడమకంటి ఆపరేషను వద్దని చెప్పేశాడు.

కుట్టుమిషను ఆగింది. "వద్దంటారేంటి? డాక్టరు ఆలస్యం చెయ్యొద్దన్నాడుగా?"

"ఎడమకన్నుకేం లోటు? భేషుగ్గా ఉంది. కావాలంటే నువ్వే సాక్షివి. పిట్ట ఏ రంగో నువ్వేం చెప్పావో అదీ అదే చెప్పింది. కుడిది నీలమని కూసింది. ఈ రెండోది కూడా కోయించుకుని రెండు కళ్ళతోనూ అబద్ధాలు చూడమంటావా?"

ఆవిడ ఏదో అనబోయింది. గుమ్మంలో చొక్కాల కోసం వచ్చిన పిల్లల తల్లి పిలిచింది. లేచి వెళ్ళి, చొక్కాలిచ్చి వచ్చాక కూడా అనలేదు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. చూపుడువేలికి ఏదో దారం ముక్క చుట్టుకుంటూ విప్పుకుంటూ కూచుంది.

మర్నాడు రంగులాయన షాపుకి ఈల వేసుకుంటూ వెళ్ళాడు. బడి గదులన్నిటికీ తెల్లరంగు పంపాలి. మిషను జోలికి పోకుండా తానే కలుపుతానన్నాడు. మామూలు తెలుపు కళ్ళకి పసుపుపచ్చగా కొడుతుందని, దాన్ని విరగ్గొట్టడానికి నీలం చుక్కలు వెయ్యాలని ఆయన ఎప్పుడూ చెప్పే మాట. కుడికన్ను మూసి, ఎడమకంటితో చూస్తూ, చుక్క చుక్క వేసి, ముత్యంలాంటి తెలుపు తీశాడు.

మిషను దగ్గర కూచున్న యజమాని కోడలు డబ్బా తీసుకోవడానికి వచ్చింది.

"బాబాయ్, కొత్త కన్ను వచ్చిందిగా? ఇంక మీ డబ్బాల్లో నేను పసుపు వెయ్యక్కర్లేదేమో కదా?"

"పసుపేంటమ్మా?"

ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. కానీ నోరు జారాక ఏం లాభం?

"చెప్పు తల్లీ. పసుపేంటి?"

"అదీ... మీరు వెళ్ళాక మిషను మీద పెట్టి చూస్తాను బాబాయ్. నీలం కాస్త ఎక్కువుంటోంది. వేసింది తీయలేం కదా, అందుకని పసుపు చుక్క వేసి విరగ్గొడతాను. మామయ్యగారు మీకు చెప్పొద్దన్నారు. మిమ్మల్ని బాధపెట్టకూడదనీ... మీ కన్ను బాగయిందిగా, ఇప్పుడు పర్లేదనుకున్నా."

"ఎప్పట్నుంచి?"

"మిషను కొన్నదే అందుకని మామయ్యగారు అన్నారు."

రంగులాయన కర్రతో డబ్బా ఒకసారి కలిపాడు. ఎడమకన్ను చేత్తో మూసుకుని, కుడికంటితో తన ముత్యం తెలుపు వైపు చూశాడు. ఎవరో అందులో సిరా ఒలకబోసినట్టు ఉంది. పక్కన మిషను తీసిన తెలుపు చూశాడు. అది తెల్లగా ఉంది. అద్దం అన్నిటికీ నీలం పూసేదే అయితే దానికీ పూయాలిగా? పూయలేదు. బూడిద రీలుకీ పూయలేదు. ఉన్నచోట చూపించింది, లేనిచోట ఊరుకుంది. అంతే అది చేసింది. శుక్లం పట్టిన కన్నే అన్నిటికీ పసుపు పూసుకుంటూ, నీలాన్ని మింగేస్తూ వచ్చింది.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏ సందులో ఏ ఇంటికి ఏ తెలుపు ఇచ్చాడో అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఆ సిగ్గులోనే ఇంకో మాట తట్టి, డబ్బా మూత కింద పడేసి వెనక తలుపు వైపు పరిగెత్తాడు. కుడికన్ను చెప్పేది నిజమైతే పిట్ట నీలం!

తీగ ఖాళీగా ఉంది. కంచె ఖాళీ. తొట్ల గట్లు ఖాళీ. కాపలాదారు కంచె దగ్గరికొచ్చి, "నిన్నట్నుంచీ లేదండీ మీ పిట్ట" అన్నాడు. దిక్కు తోచనివాడిలా కాసేపు ఆ డబ్బాల మధ్యే తచ్చాడి, అటునుంచటే ఇంటికి నడిచాడు.

భార్య మిషను దగ్గర లేదు. ముందుగదిలో కుర్చీలో ఊరికే కూచుని ఉంది. ఆవిడ ఊరికే కూచోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన్ని చూడగానే లేచి, చూపుడువేలికి చుట్టుకున్న దారం విప్పి, చేతిలో పెట్టింది.

"ఇదండీ ఆ పిట్ట రంగు. నిన్నే చెబుదామనుకున్నా. నోరు రాలేదు."

కుడికంటితో చూశాడు. పొగలాంటి నీలం. తీగ మీద చూసిందే.

"మరి బూడిదని ఎందుకు చెప్పావే?"

"మీ మొహం చూశాను. నీలం రీలు తీయబోతుంటే మీరు ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నారు. మీకు నీలాలు ఆనవని నాకు తెలుసుగా. ఆపరేషనయ్యాక కూడా తేడా ఏమీ చెప్పలేదు మీరు, ఇంకా అంతే అనుకున్నా. మీకు బూడిదగానే కనబడి ఉంటుంది, నేను నీలమంటే మీ కన్ను చెడిందని నేనే మొహం మీద చెప్పినట్టవుతుందనుకున్నా. ఇన్నాళ్ళూ చెప్పనిది, సందులో నిలబెట్టి చెప్పడానికి మనసొప్పలేదు."

"ఓసి పిచ్చిమొహమా! నీలమైతే నేను గెలిచేవాణ్ణే! ఎవరూ చూడని పిట్టే అది!"

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పకూడదు. రూలు."

"మంచి రూలే పెట్టుకున్నారు," అంది ఆవిడ. అంటూనే కళ్ళు తుడుచుకుంది. రంగులాయనకి కోపం రావాలో నవ్వు రావాలో తేలలేదు. రెండూ వచ్చినట్టుంది. కుర్చీలో కూలబడి మేడంకి ఫోను కలిపాడు. సంగతంతా చెప్పాడు. పూర్తికాకముందే భార్య ఫోను లాక్కుంది.

"మేడం, తప్పు నాదేనండీ. నేను అబద్ధం చెప్పాను. పిట్ట నీలం. ఏ ఒట్టయినా వేస్తాను. దారం కూడా ఉంది నా దగ్గర."

ఈసారి మేడం గొంతులో స్కేలు లేదు.

"మీరిప్పుడు చెప్పింది నిజమని నేను నమ్ముతానమ్మా. కమిటీ నమ్మదు. ఆయన కోసం ఒకసారి అబద్ధం చెప్పిన మనిషి, మళ్ళీ ఆయన కోసమే మాట మార్చిందంటారు. వాళ్ళకి నేనేం జవాబు చెప్పను? మొదటి మాటే నిలుస్తుంది."

"మరి పిట్ట?"

"బూడిద ఈగపిట్ట, ఒకటి. అలాగే ఉంటుంది."

భార్య ఫోను పెట్టేసింది. చలికొండల నుంచి దారి తప్పి ఇంత దూరం వచ్చిన పిట్ట, ఇక్కడికి రానే రాలేదని కాగితం మీద ఖాయమైపోయింది. కళ్ళారా చూసి వచ్చిందని తెలుసుకున్నవాళ్ళు ఈ గదిలో ఉన్న ఇద్దరే. వాళ్ళ దగ్గర ఉన్న ఆధారం మూరెడు దారం.

"ఈ గోడ సంగతేంటి?" అన్నాడు రంగులాయన చివరికి.

"ఏ గోడ?"

"నీకు తెలుసు ఏ గోడో. నేను తెలుపేశాననుకున్న గోడ."

ఆవిడ కొంగున లేని మరక దులుపుకుంది.

"వచ్చినవాళ్ళంతా బాగుందన్నారే?" అన్నాడాయన.

"బాగుంది కాబట్టి బాగుందన్నారు. తెల్లగా ఉందని ఎవరన్నారు?"

రంగులాయనకి నిజంగానే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక కంటాసుపత్రికి మళ్ళీ ఫోను చేశాడు. అవతలి అమ్మాయి, "నిన్న వద్దన్నారు, ఇవాళ కావాలంటున్నారు, ఏదో ఒకటి తేల్చుకోండి సార్" అని విసుక్కుంది. తేలిందమ్మా, రాసుకో అన్నాడు. షాపులో కూడా తెల్లరంగుల పని మిషనుకే అప్పజెబుతానని, కళ్ళు రెండూ కుదిరాక అప్పుడు చూద్దామని యజమానికి తానే చెప్పాడు. ఆ మనిషి తలెత్తి చూడలేకపోతే ఈయనే భుజం తట్టాల్సి వచ్చింది.

ఆపరేషనుకి బయల్దేరే రోజు పొద్దున, భార్య సంచీ సర్దుకుని వచ్చి చూస్తే, రంగులాయన ముందుగదిలో గోడకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. కుడికన్ను చేత్తో మూసుకున్నాడు.

"మళ్ళీ మొదలెట్టారా? ఏం చేస్తున్నారు?"

"తెలుపు చూసుకుంటున్నా. సాయంత్రానికి ఉండదుగా."

ఆవిడ సంచీ కింద పెట్టి దగ్గరికొచ్చింది. ఆయన చెయ్యి పక్కకి తీసి, తన అరచెయ్యి ఆయన కుడికంటి మీద పెట్టింది. సూది పోట్లతో గరుకెక్కిన వేళ్ళు.

"బాగా కనబడుతోందా?"

"పాలలా ఉంది," అన్నాడు. "నీకెలా ఉంది?"

ఎప్పటి అలవాటు ప్రకారం బాగుందని చెప్పబోయి, ఆవిడ ఆ మాట మింగేసింది.

"నీలంగా ఉందండీ," అంది.